ఇసుకలోని ఐసోటోపులతో కొండల కోతనూ ఉత్థానాన్నీ అంచనా వేయడం: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు మార్గదర్శిని

పర్వతం ఎంత వేగంగా పైకి లేచిందో నేరుగా కొలిచి చెప్పే ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకం) ఏదీ లేదు. ఈ పని మొదలుపెట్టే విద్యార్థి అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవలసిన సంగతి ఇది. నదీ అవక్షేపంలోని, అంటే నది మోసుకొచ్చి పరిచిన ఇసుక, మట్టిలోని ఐసోటోపులు ప్రధానంగా మూడు ప్రశ్నలకు జవాబు చెబుతాయి. ఈ రేణువు ఏ రాతి నుంచి వచ్చింది, ఆ రాతి నేల ఎంత వేగంగా అరిగింది, ఆ రాయి లోతు నుంచి పైకి రావడానికి ఎంత కాలం పట్టింది అన్నవే ఆ ప్రశ్నలు. ఉత్థానం అనేది ఈ మూడు జవాబులనూ పక్కపక్కన పెట్టి, వర్షం, సాగు, రాతి గట్టితనం, నది దారి మార్పు వంటి ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చిన తరువాత మాత్రమే చేయదగిన నిర్ధారణ.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఉత్థానం అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు కదలికలు కలిసిపోతుంటాయి. లోపలి రాయి సముద్రమట్టంతో పోల్చినప్పుడు పైకి రావడం ఒకటి, నేల మట్టమే పెరగడం రెండోది, పైపొర కొట్టుకుపోవడం వల్ల లోపలి రాయి నేల ఉపరితలానికి దగ్గర కావడం మూడోది. మొదటిదాని నుంచి మూడోదాన్ని తీసివేస్తే రెండోది వస్తుంది. ఐసోటోపులు ఎక్కువగా చెప్పేది మూడోదాని గురించి. పైగా కోత తానే ఉత్థానానికి కారణం కాగలదు. పటలం (భూమి పైనున్న గట్టి రాతి పొర) సాంద్రత 2.75 అనీ, దాని కింది మాంటిల్ సాంద్రత 3.3 అనీ తీసుకుంటే, ఒక విశాల ప్రాంతం మీద 100 మీటర్ల మందాన రాయి కొట్టుకుపోయినప్పుడు, తగ్గిన బరువుకు తగినట్టు పటలం సుమారు 83 మీటర్లు పైకి తేలుతుంది, నేల నికరంగా దిగేది 17 మీటర్లే. ఆ కోత లోయల్లోనే జరిగి శిఖరాలను తాకకపోతే, కొండ మొత్తం మీద సగటు ఎత్తు తగ్గుతూనే శిఖరాలు మాత్రం పెరుగుతాయి. గత కొన్ని మిలియన్ల ఏళ్లలో అవక్షేపాలు పెరగడాన్ని పర్వతాల ఎదుగుదలకు రుజువుగా చూపే వాదాన్ని 1990లో పీటర్ మోల్నార్, ఫిలిప్ ఇంగ్లండ్ సరిగ్గా ఈ కోణం నుంచే ప్రశ్నించారు. చల్లబడిన వాతావరణం కోతను పెంచితే కూడా అవే గుర్తులు కనిపిస్తాయని వారు చూపారు.

దక్షిణ తెలంగాణలో ఈ విద్య నేర్చుకోవడంలో ఒక లాభం ఉంది. ఇక్కడి నేల చాలా పురాతనమైన క్రేటాన్, అంటే ఏనాడో స్థిరపడిపోయిన భూఖండపు ముక్క, పర్వతాలేవీ ఇప్పుడు ఎదగడం లేదు. కాబట్టి ఇక్కడి అవక్షేపంలో కోత వేగం ఎక్కువగా కనబడితే దానికి ఉత్థానాన్ని కారణంగా చెప్పే వీలు ఉండదు, అసలు కారణాన్ని వెతకక తప్పదు. ఆ అలవాటు పడిన తరువాత హిమాలయపు ఇసుకను చేతిలోకి తీసుకున్న విద్యార్థి తొందరపడి తీర్పులు చెప్పడు.

ముందు రాతి పటం, తరువాత సంచి

నమూనా సంచి పట్టుకుని వాగులోకి దిగే ముందు ఆ వాగు పరీవాహకంలో ఏయే రాళ్లు ఉన్నాయో పటం మీద గుర్తించాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో అత్యధిక భాగం 250 కోట్ల ఏళ్లకు పైబడిన నైస్ (వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన శిల), గ్రానైట్ శిలలే. దేవరకొండ కోట నిలిచిన కొండ, భువనగిరి ఏకశిల, నల్లగొండ పట్టణాన్ని ఆనుకున్న గుట్టలు ఈ కోవలోనివే. దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి, నల్లమల వైపు శ్రీశైలం క్వార్ట్జైట్ పరచుకుని ఉంది. పడమటి అంచున కొడంగల్, తాండూరు వైపు నాపరాయి, దాని మీద దక్కన్ లావా బసాల్ట్ కనిపిస్తాయి. కృష్ణా నది మాత్రం మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి బసాల్ట్ మీద చాలా దూరం ప్రవహించి, ఆ మట్టిని వెంటబెట్టుకుని తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది.

ఈ పటం ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ చాలు. విశ్వకిరణాలు నేల పైపొరలో పుట్టించే బెరీలియం-10ను లెక్కించి కోత వేగాన్ని కొలిచే పద్ధతికి కావలసింది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. బసాల్ట్‌లో అది దాదాపు ఉండదు, నైస్‌లో పావు వంతు నుంచి మూడో వంతు వరకు ఉంటుంది, క్వార్ట్జైట్‌లో తొంభై శాతం దాటుతుంది. అందువల్ల జూరాల ఎగువన కృష్ణ ఒడ్డున తీసిన ఇసుకలోని బెరీలియం-10ను కొలిచి, అదే పడమటి కనుమల కోత వేగమని రాస్తే, క్వార్ట్జే లేని బసాల్ట్ నేల గురించి ఏమీ చెప్పని సంఖ్యను ఆ నేలకు అంటగట్టినట్టే. అదే విధంగా డిండి వాగు దిగువ భాగంలో పరీవాహకంలో కొద్ది వాటా మాత్రమే క్వార్ట్జైట్ అయినా, ఇసుకలోని క్వార్ట్జ్‌లో అత్యధికం అక్కడిదే కావచ్చు. తొలి ప్రయత్నానికి ఒకే రకం రాయి మీద ప్రవహించే చిన్న వాగును ఎంచుకోవడం మేలు. నైస్ గుట్టల మధ్య పది, ఇరవై చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న ఒర్రె అయితే లెక్క తేలికగా తేలుతుంది.

పటంలో కనిపించనివి ఊళ్లో అడిగి తెలుసుకోవాలి. ఎగువన గ్రానైట్ క్వారీ గానీ కంకర మిల్లు గానీ ఉంటే, లోతు నుంచి బయటపడిన, విశ్వకిరణాలు తగలని పొడి వాగులోకి చేరుతుంది. ఆ పొడి కలిస్తే బెరీలియం తక్కువగా వచ్చి కోత వేగం అబద్ధంగా పెరుగుతుంది. మొరం తవ్విన గుంతలతోనూ ఇదే చిక్కు. చెక్‌డ్యామ్ వెనుక ఇసుక, రోడ్డు పనికి ట్రాక్టర్లలో తెచ్చి పోసిన ఇసుక, వంతెన కింద పోగుపడిన ఇసుక అన్నీ వదిలివేయాలి. మూసీ నది అనంతగిరి కొండల్లోని బసాల్ట్ దగ్గర మొదలై, హైదరాబాద్ మురుగును మోసుకుంటూ గ్రానైట్ నేల మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అది చదువుకోవడానికి ఆసక్తికరమైన నదే గాని, కొత్తవారికి తగిన నది కాదు. అమ్రాబాద్ అడవుల్లో పని చేయాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఈ మట్టి ఎక్కడిది: స్ట్రాన్షియం, నియోడిమియం

మూలాన్ని గుర్తించే పనికి రెండు ఐసోటోపు నిష్పత్తులు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. రుబీడియం-87 సుమారు 4,960 కోట్ల ఏళ్ల అర్ధాయువుతో (సగం తరిగిపోవడానికి పట్టే కాలంతో) స్ట్రాన్షియం-87గా మారుతుంది, సమేరియం-147 సుమారు 10,600 కోట్ల ఏళ్ల అర్ధాయువుతో నియోడిమియం-143గా మారుతుంది. రుబీడియం ఎక్కువగా ఉన్న పాత పటలపు శిలల్లో స్ట్రాన్షియం-87కు స్ట్రాన్షియం-86తో ఉన్న నిష్పత్తి పెరిగి 0.72 దాటి పోతుంది. మాంటిల్ నుంచి వచ్చిన దక్కన్ బసాల్ట్‌లో అది సాధారణంగా 0.704, 0.710ల మధ్య ఉంటుంది. నియోడిమియంను భూమి సగటుతో పోల్చి పదివేలలో ఎన్ని వంతుల తేడా ఉందో ఎప్సిలాన్ విలువగా రాస్తారు. ధార్వాడ్ (మన క్రేటాన్ పేరు) నైస్‌లలో ఇది మైనస్ 30 దరిదాపుల్లో ఉండగా, దక్కన్ బసాల్ట్‌లో చాలావరకు సున్నాకు అటూఇటూ ఉంటుంది, పటలపు పదార్థం కలిసిన లావాల్లో మాత్రం ఇంకా కిందికి దిగుతుంది. మన నేల మీది ఈ రెండు శిలల మధ్య ఇంత ఎడం ఉండడం పరిశోధకుడి అదృష్టం.

నమూనాను 63 మైక్రాన్ల జల్లెడతో జల్లించి సన్న మట్టిని వేరుచేయాలి. మన ప్రాంతపు నేలల్లో సున్నపు గుళికలు విరివిగా ఉంటాయి కాబట్టి, పలుచని ఎసిటిక్ ఆమ్లంతో ముందుగా సున్నాన్ని కరిగించి పారబోయాలి. ఆ సున్నంలోని స్ట్రాన్షియం భూజలం నుంచి వచ్చినది, రాతి చిరునామాను అది చెరిపేస్తుంది. తరువాత హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల్లో మట్టిని పూర్తిగా కరిగించి, స్ట్రాన్షియంను పట్టుకునే రెసిన్ స్తంభం గుండా పంపి, ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో కొలుస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఇలాంటి యంత్రాలు ఉన్నాయి. ప్రతి విడత కొలతల్లోనూ ఎన్‌బీఎస్ 987 ప్రమాణ నమూనా విలువ 0.71025 దగ్గర వచ్చిందో లేదో చూడాలి, రాకపోతే ఆ విడతను నమ్మకూడదు.

లెక్క దగ్గర చాలామంది తడబడతారు. ఊహాత్మకంగా ఒక నమూనా నిష్పత్తి 0.716 అనుకుందాం. బసాల్ట్ మట్టి నిష్పత్తి 0.706, నైస్ మట్టి నిష్పత్తి 0.730 అయితే, దూరాలను బట్టి బసాల్ట్ వాటా 58 శాతం అని సులువుగా రాసేయవచ్చు, కానీ అది తప్పు. బసాల్ట్ మట్టిలో స్ట్రాన్షియం 220 పీపీఎమ్ (పది లక్షల్లో వంతులు), నైస్ మట్టిలో 150 పీపీఎమ్ ఉంటే, ఒక గ్రాము బసాల్ట్ మట్టి ఒక గ్రాము నైస్ మట్టి కన్నా నిష్పత్తిని ఎక్కువగా తన వైపు లాగుతుంది. అందువల్ల ప్రతి దూరాన్నీ దాని గాఢతతో గుణించి లెక్కించాలి. 220ని 0.010తో గుణిస్తే 2.2, 150ని 0.014తో గుణిస్తే 2.1 వస్తాయి. 2.1ని వాటి మొత్తం 4.3తో భాగిస్తే బసాల్ట్ వాటా 49 శాతం అని తేలుతుంది. సగానికి పైన, సగానికి లోపల అన్న తేడా ఒక వ్యాసం ముగింపునే మార్చేయగలదు.

స్ట్రాన్షియం ఒక్కదాని మీద ఆధారపడకపోవడం మంచిది. అభ్రకంలో రుబీడియం ఎక్కువ కాబట్టి నాలుగు రేకులు ఎక్కువగా చేరినా నిష్పత్తి పెరుగుతుంది. ఫెల్డ్‌స్పార్ శిథిలమయ్యే కొద్దీ స్ట్రాన్షియం నీటిలో కలిసి వెళ్లిపోతుంది. రేణువుల పరిమాణం మారినా, శిథిలత మారినా నియోడిమియం అంతగా కదలదు. అందుకే రెండూ ఒకే మాట చెప్పినప్పుడే మూలం తేలినట్టు. రెండూ వేర్వేరు దిశలకు లాగితే, మారినది మూలం కాదనీ, శిథిలత గానీ రేణువుల పరిమాణం గానీ మారి ఉండవచ్చనీ అనుమానించాలి.

కాలువల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పానగల్లులోని ఉదయసముద్రం ఇప్పుడు ఎత్తిపోతల కృష్ణా నీటికి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌గా పనిచేస్తోంది. కల్వకుర్తి ఎత్తిపోతలు శ్రీశైలం జలాశయపు నీటిని మహబూబ్‌నగర్ ప్రాంతంలోకి తెస్తున్నాయి. ఆ నీటితో బసాల్ట్ ముద్ర ఉన్న సన్న ఒండ్రు, బసాల్ట్ అసలే లేని పరీవాహకాల్లోని చెరువుల్లోకి చేరుతుంది. ఇటీవలి పొరలో నియోడిమియం విలువ పైకి ఎగబాకితే అది ఎక్కడో కొండ లేవడం వల్ల కాదు, మోటారు పంపు వల్ల. ప్రధాన నది విషయంలో దీనికి తలకిందులైన సమస్య ఉంది. 1967లో పూర్తయిన నాగార్జునసాగర్, దాని ఎగువనున్న శ్రీశైలం, జూరాల, కర్ణాటకలోని ఆల్మట్టి వంటి జలాశయాలు ఎగువ మట్టిని పట్టి ఉంచుతున్నాయి కాబట్టి, డ్యామ్ దిగువన నేటి ఇసుకను కృష్ణ మొత్తం పరీవాహకానికి ప్రతినిధిగా భావించకూడదు. ఒడ్డున ఎత్తుగా మిగిలిన పాత ఒండ్రు మెట్టల నుంచి నమూనాలు తీయాలి.

బెరీలియం-10తో కోత వేగం

అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిని దాటి నేలను తాకినప్పుడు, క్వార్ట్జ్‌లోని ఆక్సిజన్ పరమాణువులు చీలి బెరీలియం-10 పుడుతుంది. సముద్రమట్టం దగ్గర, ధ్రువాల వైపు అక్షాంశాల్లో ఒక గ్రాము క్వార్ట్జ్‌లో ఏడాదికి సుమారు 4 పరమాణువులు (ఇక మీదట క్లుప్తంగా అణువులు) మాత్రమే తయారవుతాయి. రాయిలో సుమారు 60 సెంటీమీటర్లు లోతుకు పోయేసరికి ఈ ఉత్పత్తి మూడో వంతుకు కొంచెం పైకి పడిపోతుంది. నేల నెమ్మదిగా అరిగితే రేణువు ఈ పైపొరలో ఎక్కువకాలం ఉండి ఎక్కువ అణువులు కూడగట్టుకుంటుంది, వేగంగా అరిగితే తక్కువతో బయటపడుతుంది. వాగు ఇసుక గుప్పెడు తీస్తే, పరీవాహకంలోని అన్ని వాలుల నుంచి వచ్చిన రేణువుల సగటు మన చేతిలో ఉన్నట్టు.

వర్షాకాలం ముగిసి నీరు తగ్గిన తరువాత, వాగు అడుగున ఒకేచోట కాకుండా ఇరవై, ముప్పై మీటర్ల మేర అక్కడక్కడా కొంచెం కొంచెంగా ఇసుక తీసి కలపాలి. 250 నుంచి 500 మైక్రాన్ల మధ్య జల్లించిన భాగం ఒకటి, రెండు కిలోలు ఉంటే చాలు. నైస్ వాగు ఇసుకను భూతద్దం కింద పెడితే గాజులా మెరిసే క్వార్ట్జ్, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడా నల్లని అభ్రకపు రేకులు, అయస్కాంతానికి అంటుకునే నల్లని మాగ్నటైట్ పొడి కనిపిస్తాయి. ముందుగా అయస్కాంతంతో నల్లని ఖనిజాలను వేరుచేయాలి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్నీ, తుప్పు పూతనూ పోగొట్టాలి. ఆ తరువాత ఒకటి, రెండు శాతం హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమంలో ఇసుకను పలుమార్లు నానబెట్టి కదిలించాలి. ఫెల్డ్‌స్పార్ ముందుగా కరిగిపోతుంది. మసకబారిన గులాబీ ఇసుక విడత విడతకూ తేటపడి, చివరికి పటిక బెల్లం పొడిలా తెల్లగా మిగులుతుంది. ఈ నానబెట్టడంలోనే మరొక పని జరుగుతుంది. వానతో పాటు గాలి నుంచి దిగి రేణువుల పైన అంటుకున్న బెరీలియం-10 తొలగిపోతుంది. అది తొలగకపోతే కొలత అంతా వృథా. రంగు చూసి తృప్తి పడకూడదు. చిన్న భాగాన్ని కరిగించి అల్యూమినియం ఎంత ఉందో పరీక్ష చేయించాలి, 200 పీపీఎమ్ దాటితే మళ్లీ నానబెట్టాలి.

నల్లగొండవారికి ఫ్లోరైడ్ అనే మాట కొత్త కాదు గాని, ఈ ఆమ్లం నీటిలోని ఫ్లోరైడ్ వంటిది కాదు. పలుచని ద్రావణం చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట తెలియకపోవచ్చు, అయినా లోపలికి ఇంకి ఎముకలోని, రక్తంలోని కాల్షియంను పట్టుకుంటుంది, ప్రాణాపాయం కూడా. పొగ లాగే అర, తగిన చేతితొడుగులు, ముఖకవచం, చేతికి అందేంత దూరంలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని చోట ఈ పని చేయకూడదు, ఒంటరిగా అసలే చేయకూడదు. కళాశాల ప్రయోగశాలలో ఈ ఏర్పాట్లు లేకపోతే జల్లెడ, అయస్కాంతం వరకు అక్కడ పూర్తిచేసి, మిగిలిన పని అనుభవం ఉన్న ప్రయోగశాలలో చేయించుకోవడమే సరైన పద్ధతి.

శుద్ధమైన క్వార్ట్జ్ 20 నుంచి 50 గ్రాములు తీసుకుని, తూకం వేసిన బెరీలియం-9 ద్రావణాన్ని, అంటే సుమారు పావు మిల్లీగ్రాము బెరీలియంను కలిపి, గాఢ ఆమ్లంలో కరిగించి, అయాన్ మార్పిడి స్తంభాల ద్వారా బెరీలియంను వేరుచేసి, ఆక్సైడ్‌గా కాల్చి, నియోబియం పొడితో కలిపి చిన్న లోహపు గుంటలో దట్టిస్తారు. ప్రతి విడతతో పాటు ఇసుక లేని ఖాళీ నమూనా ఒకటి అన్ని మెట్లూ దాటాలి. కొలత త్వరకయంత్ర ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో జరుగుతుంది. న్యూఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ త్వరకయంత్ర కేంద్రంలో బెరీలియం-10ను కొలిచే సౌకర్యం ఉంది.

లెక్క సూత్రాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. ఏటా పుట్టే అణువుల సంఖ్యను గ్రాములో కొలిచిన అణువుల సంఖ్యతో భాగించి, దాని నుంచి క్షయ స్థిరాంకాన్ని (ఏటా తరిగిపోయే వాటాను) తీసివేసి, 60 సెంటీమీటర్లతో గుణించాలి. బెరీలియం-10 అర్ధాయువు 13 లక్షల 87 వేల ఏళ్లు కాబట్టి క్షయ స్థిరాంకం ఏడాదికి ఒక కోటిలో సుమారు 5 వంతులు. మన అక్షాంశానికి, నాలుగు వందల మీటర్ల ఎత్తుకు ఉత్పత్తి 3.5 అనీ, ఇసుకలో గ్రాముకు 4 లక్షల అణువులు వచ్చాయనీ అనుకుందాం. అప్పుడు కోత వేగం పది లక్షల ఏళ్లకు సుమారు 5 మీటర్లు. ఉత్పత్తి 20గా ఉన్న ఎత్తైన హిమాలయపు లోయ నుంచి తెచ్చిన ఇసుకలో 12 వేల అణువులే ఉన్నాయనుకుంటే, వేగం ఏడాదికి ఒక మిల్లీమీటరు, అంటే పది లక్షల ఏళ్లకు వెయ్యి మీటర్లు అవుతుంది.

ఈ రెండు సంఖ్యలనూ ఒకే పట్టికలో పక్కపక్కన వేయడం ప్రమాదకరం. 60 సెంటీమీటర్ల నేల అరగడానికి పట్టే కాలం మీదే ప్రతి కొలతా సగటు తీస్తుంది. మొదటి ఉదాహరణలో అది సుమారు 1,20,000 ఏళ్లు, రెండోదానిలో 600 ఏళ్లు. అంటే మన వాగు ఇసుక హిమయుగాల మార్పులన్నిటినీ కలిపిన సగటు చెబుతుండగా, ఆ లోయ ఇసుక కొద్ది శతాబ్దాల వానలనూ కొండచరియలనూ మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఒకే పెద్ద కొండచరియ విరిగిపడితే లోతైన, అణువులు తక్కువగా ఉన్న రాయి వాగులోకి దిగి, రెండో సంఖ్యను తలకిందులు చేయగలదు.

చెరువు పూడిక చెప్పే వేరొక వేగం

కాలపు కొలమానం మారితే వేగం ఎలా మారుతుందో చూపడానికి మన చెరువులకు మించినవి లేవు. ఇక్కడ అవసరమయ్యేవి సీసం-210, సీజియం-137. రేడాన్ వాయువు నుంచి గాలిలో పుట్టి వానతో నేలకు దిగే సీసం-210 అర్ధాయువు సుమారు 22.3 ఏళ్లు. వందేళ్లకు కొంచెం పైబడిన పొరల వరకు అది పనికొస్తుంది. సీజియం-137 అర్ధాయువు సుమారు 30 ఏళ్లు. అది 1950ల నుంచి వాతావరణంలో జరిపిన అణ్వస్త్ర పరీక్షల శేషం, 1963 ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది. పూడికలో ఆ గరిష్ఠం దొరికితే ఆ పొర తేదీ తెలిసినట్టే.

చెరువు ఎంపికలో ఎత్తిపోతల నీరు రానిదాన్ని చూసుకోవాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులో పై పొరలు తవ్వి పొలాలకు తరలించి ఉంటారు కాబట్టి, ఎక్కడెక్కడ తవ్వారో ఊరివారిని అడిగి, తవ్వని భాగంలో మాత్రమే గొట్టం దించాలి. ఎండాకాలంలో బయటపడే శిఖం భూమి పగుళ్లిచ్చి, పై మట్టి ఆ పగుళ్లలోకి జారి పొరలను కలిపేస్తుంది. ఎండిపోని లోతు భాగమే మేలు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన మరో చిక్కు ఉంది. నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో యురేనియం నిక్షేపాలు ఉన్న సంగతి తెలిసిందే. ఈ గ్రానైట్ నేలల్లో యురేనియం ఎక్కువగా ఉన్నచోట, మట్టిలోనే నిరంతరం పుట్టే సీసం-210 వాటా కూడా ఎక్కువగా ఉంటుంది. గాలి నుంచి వచ్చిన భాగమే తేదీ చెబుతుంది కాబట్టి, మట్టి నమూనాను గాలి చొరకుండా మూసి సుమారు మూడు వారాలు ఉంచి, మట్టిలోనే పుట్టే ఆ వాటాకు మూలమైన రేడియం-226ను సీసం-214 ద్వారా కొలిచి, దాన్ని మొత్తం నుంచి తీసివేయాలి. ఈ మెట్టు దాటవేస్తే మన చెరువులన్నీ ఉన్నదానికన్నా వేగంగా పూడినట్టు కనిపిస్తాయి.

ఊహాత్మకంగా ఒక లెక్క వేద్దాం. గాలి నుంచి వచ్చిన సీసం-210 పైపొరలో కిలోకు 120 బెకరెల్‌లు, 30 సెంటీమీటర్ల లోతున 30 బెకరెల్‌లు ఉందనుకుంటే, రెండు అర్ధాయువులు, అంటే సుమారు 45 ఏళ్లు గడిచాయని అర్థం, పూడిక వేగం ఏటా 0.67 సెంటీమీటరు. చెరువు విస్తీర్ణం 50 హెక్టార్లు, పరీవాహకం 10 చదరపు కిలోమీటర్లు, పొడి పూడిక సాంద్రత 1.2 అయితే, చదరపు కిలోమీటరుకు ఏటా దాదాపు 400 టన్నుల మట్టి చేరుతోంది. దాన్ని రాతి మందంలోకి మారిస్తే పది లక్షల ఏళ్లకు 150 మీటర్లు వస్తుంది. ఇది పైన వేసుకున్న బెరీలియం వేగానికి 30 రెట్లు, అలుగు మీదుగా దాటిపోయిన మట్టిని కలిపితే ఇంకా ఎక్కువ.

ఈ 30 రెట్ల పెరుగుదల ఏ కొండ లేవడం వల్లా రాలేదు. చెలకల్లో దుక్కి, మేత, చెట్ల నరికివేత, బాటలు, తవ్వకాలు కలిసి తెచ్చినది. ఇదే పూడిక కోటి ఏళ్ల తరువాత రాయిగా గట్టిపడి ఎవరికైనా దొరికి, ఆ వ్యక్తి అవక్షేపం మందాన్ని మాత్రమే చూస్తే, ఇక్కడ పర్వతం పుట్టిందని రాయగలడు. సముద్రంలో కూడా ఇలాంటి సాక్ష్యం ఉంది. గోదావరి ముఖద్వారం ఎదుట బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన అవక్షేప స్తంభంలో గత కొన్ని వేల ఏళ్లలో అవక్షేపం చేరే వేగం పెరిగినట్టు తేలింది. దానికి పొడిబారిన వాతావరణం, విస్తరించిన సాగు కారణాలుగా చెప్పారు గాని ఉత్థానం కాదు.

హిమాలయపు అవక్షేపం దగ్గర

అసలైన ఉత్థానం ఉన్నచోట అదనంగా వాడే పద్ధతి శీతలీకరణ వయసులు, అంటే రాయి పైకి వస్తూ ఒక నిర్ణీత ఉష్ణోగ్రత కన్నా చల్లబడి ఎంతకాలమైందన్న లెక్క. అపటైట్ అనే ఖనిజపు రేణువులో యురేనియం-238 విచ్ఛిత్తి వల్ల ఏర్పడే గీతలు సుమారు 110 డిగ్రీల కన్నా చల్లబడిన తరువాతే నిలిచి ఉంటాయి. కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందనుకుంటే ఆ ఉష్ణోగ్రత సుమారు 4 కిలోమీటర్ల లోతుకు సరిపోతుంది. హిమాలయ పాదాల దగ్గరి శివాలిక్ కొండల ఇసుకరాయిలో ఒక రేణువు శీతలీకరణ వయసు కోటి 20 లక్షల ఏళ్లు, ఆ పొర నిక్షేప వయసు 80 లక్షల ఏళ్లు అయితే, నడుమ గడిచిన 40 లక్షల ఏళ్లలో ఆ రేణువు 4 కిలోమీటర్లు పైకి వచ్చి నదిలో పడింది. అంటే పది లక్షల ఏళ్లకు ఒక కిలోమీటరు. కింది పొరల నుంచి పై పొరలకు ఈ వ్యవధి తగ్గుతూ వస్తే కోత వేగం పెరిగిందని అర్థం. మన ధార్వాడ్ నైస్‌ల నుంచి అపటైట్ తీసి చూస్తే పది కోట్ల ఏళ్లు దాటిన వయసులే సాధారణంగా వస్తాయి. అందుకే ఇక్కడ ఈ పద్ధతి కోత నెమ్మదితనాన్ని ధ్రువీకరించడానికి మాత్రమే ఉపయోగపడుతుంది.

నేల ఎత్తును చెప్పే ప్రయత్నం ఆక్సిజన్-18 చేస్తుంది. మేఘం కొండ ఎక్కే కొద్దీ బరువైన ఐసోటోపు ముందుగా వానగా రాలిపోతుంది కాబట్టి, ప్రతి వంద మీటర్లకు వాన నీటిలో దాని విలువ వెయ్యికి సుమారు 0.28 వంతు చొప్పున తగ్గుతుంది, ఆ నీటి నుంచి ఏర్పడిన సున్నపు గుళికల్లో ఆ గుర్తు నిలుస్తుంది. కాని నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో బరువైన ఐసోటోపు పెరుగుతుంది, రుతుపవనం బలపడితే తగ్గుతుంది. పాలమూరు వంటి ఎండ నేలలో ఏర్పడిన గుళికలను ఇదే సూత్రంతో చదివితే ఎత్తు తప్పుగా వస్తుంది. సముద్రపు నీటి స్ట్రాన్షియం నిష్పత్తి 4 కోట్ల ఏళ్ల కిందటి 0.7078 నుంచి నేటి 0.7092కు పెరగడాన్ని హిమాలయం ఎదుగుదలకు సూచనగా చెబుతుంటారు. అది మంచి సూచనే, అయినా హిమాలయపు సున్నపురాళ్లలోనే స్ట్రాన్షియం-87 అసాధారణంగా ఎక్కువగా ఉండడం వల్ల, ఆ పెరుగుదలలో సిలికేట్ శిలల శిథిలత వాటా ఎంతో విడదీయడం కష్టం.

కనుక హిమాలయపు పొరల మీద పని చేసేటప్పుడు వరుస ఇలా ఉండాలి. ముందు నియోడిమియంతో మూలం మారిందో లేదో తేల్చాలి, ఎందుకంటే నది దారి మార్చి వేరే శిలల మీద ప్రవహించినా శీతలీకరణ వయసులు మారతాయి. మూలం మారకుండా వ్యవధి తగ్గితే కోత పెరిగినట్టు ఒప్పుకోవచ్చు. అదే కాలంలో వాన మారిన గుర్తులు ఆక్సిజన్‌లోనూ, మొక్కల కార్బన్ ఐసోటోపుల్లోనూ ఉన్నాయేమో చూడాలి. అవి లేకపోతేనే, భ్రంశాల (రాతిపొరలు విరిగి జారిన చోట్ల) కదలికకు స్వతంత్ర సాక్ష్యం దొరికితేనే, ఉత్థానం అన్న మాట రాయాలి.

ఫలితాల పట్టికలో ప్రతి వేగం పక్కన అది ఎన్ని ఏళ్ల సగటో ఒక గడి ఉండాలి, ఉత్పత్తి వేగానికి వాడిన కొలమానం, ఖాళీ నమూనా విలువ, పరీవాహకంలో క్వార్ట్జ్ పంపిణీ కూడా రాయాలి. కరిగించిన క్వార్ట్జ్ ద్రావణంలో కొంత భాగాన్ని పారబోయకుండా సీసాలో భద్రపరచాలి. ఉపరితలంలో అల్యూమినియం-26కు బెరీలియం-10తో ఉండే నిష్పత్తి సుమారు 6.75. ఇసుక ఎక్కడైనా లోతుగా కూరుకుపోయి చాలాకాలం ఉంటే, అల్యూమినియం-26 సుమారు రెట్టింపు వేగంతో క్షీణిస్తుంది కాబట్టి ఆ నిష్పత్తి పడిపోతుంది. పాత ఒండ్రు మెట్టల ఇసుక నేరుగా కొండ నుంచి వచ్చిందా, మధ్యలో ఎక్కడైనా నిలిచి వచ్చిందా అన్న ప్రశ్న తరువాత లేచినప్పుడు ఆ సీసానే మళ్లీ తెరవవలసి వస్తుంది. అందుకే దాని మీద వాగు పేరు, అక్షాంశ రేఖాంశాలు, తీసిన తేదీ, క్వార్ట్జ్ బరువు, కలిపిన బెరీలియం-9 బరువు చెరగని సిరాతో రాసి పెట్టాలి.